బ్రెగ్జిట్ మీద ఆరు వారాల ఈవెనింగ్ క్లాసు, 35 పౌండ్లు: వెళ్ళొచ్చా?

ముందే ఒక మాట. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా (రిమైన్), బయటికి రావాలా (లీవ్) అని 2016లో పెట్టిన రిఫరెండంలో నేను లీవ్‌కే ఓటేశాను, అదీ ఇండియన్ పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని. మనవాళ్ళలోనే చాలామందికి తెలీదు, కామన్వెల్త్ దేశం వాళ్ళమైతే వీసా మీద ఉన్నా ఆ రిఫరెండంలో ఓటుండేది, ఇరవై ఏళ్ళ నుంచి ఇక్కడే పన్నులు కడుతున్న పోలండ్ వాళ్ళకీ ఫ్రెంచి వాళ్ళకీ మాత్రం లేదు. అప్పట్లో నా ఏడుపల్లా ఒకటే, నేనేమో వీసా ఫీజుకీ, దాని మీద ఏడాదికి 200 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జికీ పైసా పైసా లెక్కేసుకుంటుంటే యూరప్ వాళ్ళు బస్సెక్కి దిగిపోతున్నారు, ఇదేం న్యాయం అని. బయటికొచ్చేస్తే మనవాళ్ళకి వీసాలు పెరుగుతాయని ప్రచారంలో చెప్పారు కూడా. పెరిగాయి, అబద్ధం కాదు. ఇప్పుడు ఆ కోపమంతా ఎవరి మీదికి మళ్ళిందో వేరే చెప్పాలా.

ఇక క్లాసు సంగతి. ఉత్తర ఇంగ్లండ్‌లోని మా డాంకాస్టర్‌లో ఓ పాత చర్చి హాల్లో, మంగళవారాలు సాయంత్రం 7 నుంచి 9 దాకా, ఆరు వారాలు, "బ్రెగ్జిట్ చీలిక, లెఫ్ట్ ఏం చెయ్యాలి" అని టాపిక్. లెఫ్ట్ అంటే ఇక్కడ లేబర్ పార్టీ, ట్రేడ్ యూనియన్లు. నిర్వాహకుల పేరు రాయను, చిన్న గ్రూపు, పాపం సొంత డబ్బుతో నడుపుతున్నారు. 35 పౌండ్లలో టీ, బిస్కెట్లు, జిరాక్స్ కాగితాలు అన్నీ వచ్చేస్తాయి. పార్కింగ్ ఫ్రీ గానీ ఏడు దాటితే దొరకదు. హాల్లో ఒక్కటే హీటర్, అదీ టీచరమ్మ పక్కన, కాబట్టి ఆవిడకి చెమటలు, వెనక బెంచీలో మాకు కోట్లు. మూడో వారానికి నేను రెండు జతల సాక్సులు వేసుకెళ్ళా.

ఎందుకు చేరానంటే, 2025 వేసవిలో మా వీధి లైటు స్తంభాలకి వలసలు వద్దనేవాళ్ళు ఇంగ్లండ్ జెండాలు కట్టారు, మే నెలలోనేమో లేబర్ ప్రభుత్వం పర్మనెంట్ సెటిల్‌మెంట్‌కి, అంటే ఇక్కడే ఉండిపోయే హక్కుకి, ఐదేళ్ళ బదులు పదేళ్ళు చేస్తామని వైట్ పేపర్ (ప్రతిపాదనల పత్రం) తెచ్చింది, నాకైతే అది ఎప్పుడో వచ్చేసింది గానీ మా తమ్ముడు వరసవాడు మధ్యలో ఇరుక్కుపోయాడు. యూనియన్ మీటింగుల్లో ఇదెత్తితే అందరూ టాపిక్ మార్చేస్తారు. పోనీ డబ్బులు కట్టి అడుగుదాం అనుకున్నా.

మొదటి రెండు వారాలు చరిత్ర. ఇక్కడ టీచరమ్మకి ఫుల్ మార్కులు. నాకు లెఫ్ట్ అంటే రిమైన్ అనే లెక్క ఉండేది, అది మొదటి గంటలోనే పోయింది. 1975 రిఫరెండంలో యూరప్ వద్దని తిరిగింది టోనీ బెన్, బార్బరా కాసిల్, మైకేల్ ఫుట్ లాంటి లేబర్ మంత్రులే, అప్పుడు ఉందాం అన్నవాళ్ళు 67 శాతం. 1983లో లేబర్ మేనిఫెస్టోలోనే బయటికొస్తాం అని రాశారు. మరి ఎప్పుడు మారారు అంటే, 1988లో యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలోర్ బోర్న్‌మత్‌కొచ్చి ట్రేడ్ యూనియన్ల మహాసభలో మాట్లాడాడు, కార్మికుల హక్కులు యూరప్ స్థాయిలో కాపాడతాం అని. ప్రధాని థాచర్ యూనియన్లని తొమ్మిదేళ్ళ నుంచి చావగొడుతుంటే అలాంటి మాట వింటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది కదా, యూనియన్లు అటు తిరిగాయి. కానీ 2007 డిసెంబర్‌లో వైకింగ్, లావల్ అని రెండు కేసుల్లో యూరప్ కోర్టు కంపెనీల స్వేచ్ఛకే మొగ్గి సమ్మె హక్కుకి పగ్గాలేసింది, అందుకే 2016లో ఆర్‌ఎంటీ లాంటి రైల్వే యూనియన్ లీవ్ అంది, యునైట్, యూనిసన్ లాంటి పెద్ద యూనియన్లు రిమైన్ అన్నాయి. ఇంత బాగా విడమర్చి చెప్పినావిడ చేతికిచ్చిన కాగితం మాత్రం ఘోరం, మూడో పేజీ మీద నాలుగో పేజీ ప్రింటైంది. అడిగితే ఈమెయిల్ చేస్తానంది, ఇప్పటికీ రాలేదు.

మూడో వారం అంకెలు. గోడ మీద మ్యాప్ పెట్టి ఏ ఊరు ఎటేసిందో చెప్పమంటుంది. సరదాగానే ఉంటుంది. లండన్‌లో లాంబెత్ 78 శాతం పైగా రిమైన్, లింకన్‌షైర్‌లో బోస్టన్ 75 శాతం పైగా లీవ్, మా డాంకాస్టర్ 69 లీవ్. నన్ను ఆపేసినవి ఈ కొసలు కాదు. లీడ్స్‌లో రిమైన్ 50.3, బర్మింగ్‌హామ్‌లో లీవ్ 50.4. అంటే ఏ వీధి తీసుకున్నా ఈ ఇంటివాడు ఇటు పక్కింటివాడు అటు, మొత్తం దేశమే 51.9కి 48.1. ఇంకోటి, 2015లో లేబర్‌కి ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతులు రిమైన్, కానీ లేబర్ గెలిచిన సీట్లలో ఎక్కువ శాతం లీవ్. ఈ ఒక్క ముక్క దగ్గరే పార్టీ నడుం విరిగింది. 2019 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో 13.6 శాతానికి పడిపోయారు. ఆ ఏడాది బ్రైటన్‌లో పార్టీ మహాసభలో ఒక లైను తయారుచేశారు, మేం గెలిస్తే కొత్త డీల్ తెస్తాం, దాని మీద మళ్ళీ రిఫరెండం పెడతాం, అందులో ఎటు ఉంటామో తర్వాత చెప్తాం అని. ఓటరు గుమ్మం దగ్గర నిలబడి దీన్ని ఒక్క ఊపిరిలో చెప్పి చూడండి. అవతల కన్సర్వేటివ్ ప్రధాని జాన్సన్‌ది మూడు ముక్కల స్లోగన్, "గెట్ బ్రెగ్జిట్ డన్". డిసెంబర్ 12 ఎన్నికల్లో లేబర్‌కి 202 సీట్లు మిగిలాయి. మా పక్కనే ఉన్న డాన్ వ్యాలీ 1922 నుంచి లేబర్ సీటు, అదీ పోయింది, అక్కడి ఎంపీ కారొలైన్ ఫ్లింట్ రెండో రిఫరెండం వద్దు వద్దని మొత్తుకున్నావిడే, అయినా ఓడిపోయింది.

మరి ఎందుకు ఇలా అయింది అనే దగ్గరికొచ్చేసరికి టీచరమ్మ జారిపోయింది. జనానికి సమాచారం అందలేదు, లీవ్ ప్రచార బస్సు మీద యూరప్‌కి వారానికి 350 మిలియన్ పౌండ్లు పంపుతున్నామని రాసింది నమ్మేశారు, చదువు పెరగాలి అంది. హాల్లో ఒక పెద్దాయన ఉన్నాడు, హ్యాట్‌ఫీల్డ్ గనిలో పనిచేశాడు, 2015లో అది మూసేసేదాకా. ఆయన చెయ్యెత్తి, "84లో ఏడాది స్ట్రైక్ చేశామమ్మా, ప్రభుత్వం మాట ఎంత నమ్మాలో మాకు అప్పుడే చదువు చెప్పారు" అన్నాడు, అంతే, కూర్చున్నాడు. మా నాన్న సింగరేణిలో చేశాడు కాబట్టి ఆ గొంతు నాకు తెలుసు, కోపం పైకి కనపడదు. టీచరమ్మ "చాలా విలువైన అనుభవం" అనేసి స్లైడ్ మార్చేసింది. అక్కడ నేను ఒక స్టార్ కోసేశా. డాక్టర్ పేషెంటుని చూసినట్టు చూస్తే ఎవడు మాట్లాడతాడు? అలాగని లీవ్ అంటే ఉత్తరాది గని కార్మికులే అనుకోవడం కూడా తప్పే, దక్షిణాదిలో సొంతిల్లూ పెన్షనూ ఉన్న పెద్దవాళ్ళు లక్షల్లో వేశారు, ఆ సంగతి ఆవిడే బాగా చెప్పింది.

నాలుగో వారం కోసమైనా ఈ క్లాసుకి వెళ్ళండి. ఆ రోజు పాఠం లేదు, ఓట్ల కోసం ఇంటింటి తలుపు తట్టే ప్రాక్టీసు. హాలు వంటగది తలుపే ఇంటి తలుపు, ఒకరు లోపల, ఒకరు బయట. మొదటి రౌండులో బయటివాళ్ళు కచ్చితంగా "2016లో ఎటు వేశారు" అని మొదలుపెట్టాలి. రెండో రౌండులో ఆ మాట అసలు ఎత్తకూడదు, "ఈ వారం మీకు బాగా తలనొప్పి తెచ్చిందేంటి" అని అడగాలి.

మా పెద్దాయన తట్టాడు. లోపల ఒక పోలండ్ ఆవిడ, గోడౌన్‌లో ప్యాకింగ్ పని, క్లాసుకి కూడా ఆ పని జాకెట్‌తోనే వస్తుంది. మొదటి రౌండు అర నిమిషంలో అయిపోయింది. "ఎటు వేశావమ్మా" అన్నాడు, "నాకు ఓటు ఎక్కడిది" అంది, ఇద్దరూ నేల చూశారు. మళ్ళీ తలుపేసి రెండో రౌండు. ఈసారి ఆవిడ మాట్లాడకుండా ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు వెతుక్కుని చదివాడు. రాత్రి 9:40కి వచ్చిన మెసేజి, రేపు ఉదయం 6 గంటల షిఫ్టు రద్దు, ధన్యవాదాలు, చివర రెండు ఫుల్‌స్టాపులు. "మా మనవరాలికీ ఇదే వస్తుంది, ఇలాగే, పడుకోబోయే ముందు" అన్నాడాయన. ఇంక ప్రాక్టీసు అని మర్చిపోయారు ఇద్దరూ, బస్ పాస్ వారానికి ఎంత, ముందే కొనేస్తే వెనక్కివ్వరు, పనిలో పెట్టిన ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు, ఇలా పావుగంట. నేను టీ కప్పు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నా. ఆ రెండు ఫుల్‌స్టాపులు నావి. నేను చేసేది గోడౌన్ షిఫ్టుల సాఫ్ట్‌వేర్ సపోర్టు, ఆ మెసేజి టెంప్లేట్ మా టీమ్‌దే, ఆ తప్పు సరిచెయ్యాలని ఆర్నెల్ల నుంచి అనుకుంటూనే ఉన్నా. ఆ సాయంత్రం మాత్రం చెప్పడానికి నోరు రాలేదు.

ఐదో వారం దండగ. గెస్ట్ స్పీకర్ వస్తారన్నారు, రాలేదు, యూట్యూబ్ వీడియో వేశారు, అదీ మధ్యలో యాడ్స్‌తో. ఆ వారం డబ్బులు వెనక్కివ్వమని ఒకతను అడిగాడు, నవ్వేసి ఇంకో బిస్కెట్ ఇచ్చారు.

ఆరో వారం అసలు ప్రశ్న, ఇప్పుడేం చెయ్యాలి. యూనివర్సిటీ కుర్రాడొకడు మళ్ళీ యూరప్‌లో చేరదాం అని జెండా ఎత్తుకోవడమే దారి అన్నాడు, సర్వేల్లో సగానికి పైగా జనం బ్రెగ్జిట్ తప్పే అంటున్నారు కదా అని. నిజమే గానీ తప్పు అనడం వేరు, ఆ గొడవంతా మళ్ళీ మొదట్నుంచి పడదాం అనడం వేరు. ఇంకొకాయన, కౌన్సిలర్‌గా చేసి ఓడిపోయినాయన, వలసల మీద గట్టిగా మాట్లాడితే తప్ప రిఫార్మ్ నుంచి, అదే వలసల్ని వ్యతిరేకించే నైజెల్ ఫరాజ్ పార్టీ నుంచి, ఓట్లు రావు అన్నాడు. ఆయన బాధ అర్థమవుతుంది, 2025 మేలో మా కౌన్సిల్‌లో మెజారిటీ రిఫార్మ్ చేతికి పోయింది, మేయర్ పోస్టు లేబర్‌కి 698 ఓట్ల తేడాతో మిగిలింది. కానీ ఆ మందు వాడి చూశారుగా. 2025లో లేబర్ ప్రధానిగా ఉన్న స్టార్మర్ "అపరిచితుల దీవి" అయిపోతామని స్పీచ్ ఇచ్చి, తర్వాత ఆ మాట అనకుండా ఉండాల్సిందని తనే అన్నాడు, ఈ లోపల అటువైపు వాళ్ళు ఒరిజినల్ సరుకు ఉండగా జిరాక్స్ కాపీ ఎందుకని ఫరాజ్ దగ్గరే ఉండిపోయారు, ఇటువైపు నాలాంటి వాళ్ళం మొహం తిప్పుకున్నాం.

నేను చెయ్యెత్తి చెప్పిందేంటంటే, నాలుగో వారంలో మీరు చేయించిందే కదా జవాబు, మళ్ళీ ఈ పంచాయితీ ఎందుకు అని. ఆఖరి నిమిషంలో షిఫ్టు రద్దు చేస్తే డబ్బులివ్వాలి, ఏజెన్సీ ద్వారా పనిచేసేవాళ్ళకి కూడా, అనే రూలు ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ బిల్లులో పెట్టింది ఈ లేబర్ ప్రభుత్వమే, రిఫార్మ్ ఆ బిల్లుని వ్యతిరేకించింది. మా వీధిలో ఒక్కడికి తెలుసా? నా గుమ్మానికి వచ్చిన లేబర్ కాగితంలో జెండా ఉంది, బోర్డర్ ఉంది, ఈ ముక్క లేదు. పోలండ్ ఆవిడనీ పెద్దాయన మనవరాలినీ ఒకే పక్కన నిలబెట్టే ముక్క చేతిలో ఉంచుకుని వాళ్ళిద్దర్నీ విడదీసే ముక్క మీద ఎన్నికలాడితే ఎలా? అలాగని షిఫ్టుల గురించి మాట్లాడితే వలసల గురించి అడగడం మానేస్తారని కాదు, అడుగుతారు, నన్నూ అడుగుతారు, అప్పుడు నంగినంగిగా కాకుండా సూటిగా చెప్పాలి. 2004లో తూర్పు యూరప్ వాళ్ళకి తలుపులు తీసినప్పుడు ఏడాదికి 13 వేలు మించరని అంచనా వేశారు, లక్షల్లో వచ్చారు, ఆ ఊళ్ళ బడులకీ ఆసుపత్రులకీ సాయంగా పెట్టిన నిధిని 2010లో కొత్త ప్రభుత్వం ఎత్తేసింది. తప్పు వచ్చినవాళ్ళది కాదు, డబ్బులు పంపనివాళ్ళది అని అప్పుడే గట్టిగా అరిచి ఉంటే... నేనూ అరవలేదు లెండి, నేను లీవ్‌కి ఓటేశా.

టీచరమ్మ ఇదంతా బోర్డు మీద రాసుకుంది, "స్థానిక అంశాలు" అని హెడ్డింగ్ పెట్టి. ఇంకో అర స్టార్ అక్కడ పోయింది. మొత్తం ఐదుకి మూడున్నర.

ఎవరు వెళ్ళొచ్చంటే, వీసా లాభనష్టాలు తెలుసుకుందాం అనుకునేవాళ్ళకి ఇక్కడేం లేదు. యూనియన్‌లో తిరిగేవాళ్ళు, వీధిలో జెండా చూసి తల దించుకుని నడిచేవాళ్ళు వెళ్ళండి. ఇంగ్లీషు యాసకి భయపడక్కర్లేదు, పెద్దాయన యార్క్‌షైర్ యాస లండన్ నుంచొచ్చిన టీచరమ్మకే సగం అర్థం కాలేదు. నాలుగో వారం ఎట్టి పరిస్థితుల్లో మిస్ అవ్వొద్దు, ఐదో వారం పనుంటే చూసుకోండి. డబ్బులు క్యాష్ తీసుకెళ్ళండి, కార్డు మెషిన్ ఉందంటారు గానీ ఎప్పుడూ ఛార్జింగ్ ఉండదు. ఫుల్‌స్టాపు ఒకటి తీసేశాను. షిఫ్టు రద్దు మెసేజి ముందురోజు మధ్యాహ్నం దాటాక పోకుండా ఆపుదామని మేనేజర్‌కి ఒక టికెట్ పెట్టా, "క్లయింట్ అడగలేదు" అని క్లోజ్ చేశాడు, మళ్ళీ ఓపెన్ చేశా.