చీకటి బొమ్మకు ఏది మేలు: కాన్వాసా, కాటన్ పేపరా?

చెన్నై వేలచేరిలోని మా ఇంట్లో ఒకే బొమ్మ రెండు ప్రింట్లుగా ఉంది. నా స్నేహితుడు గీసిన డిజిటల్ చిత్రం అది. నల్లటి సముద్రంలోంచి ఒక గోపురం పైకి లేస్తుంటుంది. శిల్పం ఉండాల్సిన ప్రతిచోటా ఒక కన్ను. ఒక ప్రింటు కాన్వాస్ మీద, ఇంకోటి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాటన్ పేపర్, అంటే పత్తి నారతో చేసిన మందపాటి కాగితం మీద వేయించాను. ఏది తీసుకోమంటావని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను, ఇలాంటి బొమ్మకు కాటన్ పేపరే.

ఎందుకో దగ్గరికెళ్తేనే తెలుస్తుంది. గోపురం పై అంతస్తులో కళ్ళు ఆవగింజంత ఉంటాయి. పేపర్ మీద వాటి రెప్పలు కూడా కనిపిస్తాయి. అన్నీ మూసుకుని ఉంటే ఒక్కటి మాత్రం సగం తెరుచుకుని ఉంది. కాన్వాస్ మీద ఆ కన్ను నేత పోగుల్లో కలిసిపోయి మచ్చలా మిగిలింది. దూరం నుంచి అది మామూలు గోపురమే, దగ్గరికెళ్తే మనల్నే చూస్తోంది. ఈ బొమ్మలో ఉన్న భయమంతా అదే. ఆ కన్ను పోతే బొమ్మే పోయినట్టు.

ఈ రకం చిత్రాల్లో వణికించేది దెయ్యమో రాక్షసుడో కాదు, మన ఊహకు పట్టనంత పెద్దది ఎదురుగా నిలబడటం. విశ్వరూపం చూసిన అర్జునుడు కూడా భయపడి, మళ్ళీ పాత రూపంలోనే కనిపించమని వేడుకున్నాడు కదా! పోలండ్ చిత్రకారుడు బెక్షిన్‌స్కీ (1929–2005) తన బొమ్మలకు పేర్లే పెట్టలేదు. నూనె రంగులతో ఎక్కువగా హార్డ్‌బోర్డ్ మీద వేశాడు. ఎముకలు, దారాలు, పొగమంచు లాంటి సన్నటి పని ఆయనది. అలాంటిదాన్ని గరుకు నేత మీద ప్రింటు తీయాలంటే నాకు మనసొప్పదు.

కాన్వాస్‌కు ఒక పెద్ద సుగుణం ఉంది, అద్దం అక్కర్లేదు. పేపర్‌కు అద్దం కావాలి. నల్లటి బొమ్మ ముందు అద్దం పెడితే ట్యూబ్‌లైటు, ఫ్యాను, మన మొహం అన్నీ అందులోనే. నెల రోజులు అలాగే చూసి, చివరికి కిటికీకి ఎదురుగోడ మీంచి తీసి పక్కగోడకు మార్చాను. సమస్య చాలావరకు తీరింది. గ్లాసీ ఫోటో పేపర్ మీద నలుపు ఇంకా చిక్కగా వస్తుంది కానీ మెరుపుతో కళ్ళు చికాకు పడతాయి, నాకు నచ్చలేదు.

ఫ్రేమింగ్ దగ్గర మాత్రం జాగ్రత్త. మొదటిసారి కట్టిచ్చిన షాపులో మౌంట్ బోర్డు (అద్దానికీ బొమ్మకూ మధ్య పెట్టే మందపాటి అట్ట) లేకుండా పేపర్‌ను అద్దానికి ఆనించేశారు. నవంబర్ వానలకు తేమ చేరి ఒక మూల అతుక్కుపోయింది. విడదీస్తే సిరా ఊడొచ్చింది. ప్రింటు మళ్ళీ వేయించాల్సి వచ్చింది. చెన్నై తేమకు అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండి తీరాలి. బాత్రూమ్ గోడకు అసలు తగిలించొద్దు.

భయం కాకుండా మార్మికత మాత్రమే ఉన్న బొమ్మలైతే లెక్క మారుతుంది. స్వీడన్‌కు చెందిన హిల్మా ఆఫ్ క్లింట్ 1907లో వేసిన పెద్ద చిత్రాల్లో విశాలమైన లేత రంగులు, సుడులు, పూరేకులు ఉంటాయి. అవి కాన్వాస్ ప్రింటులోనూ నిండుగా ఉంటాయి. ఆమె 1944లో పోయారు. మన దేశంలో కాపీరైట్ చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళు కాబట్టి ఆమె బొమ్మలకు చిక్కు లేదు. బెక్షిన్‌స్కీవి అలా కాదు, హక్కులున్నవాళ్ళ దగ్గరే కొనాలి. కొనేముందు చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ఉన్న చోళమండలానికి ఒకసారి వెళ్ళి రండి. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ మొదలుపెట్టిన కళాకారుల ఊరు అది. జాతకచక్రాల్లా కనిపించే ఆయన చిత్రాల శైలి తెలిస్తే, మన గోడకు ఏం కావాలో సగం తేలిపోతుంది.

ఫైలు సంగతి కూడా చూసుకోండి. 16×24 అంగుళాల పేపర్ ప్రింటుకు 4800×7200 పిక్సెళ్ళుంటే నిశ్చింత. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ పనికిరాదు.

"పడుకునే గదిలో అది వద్దురా" అంది అమ్మ. అందుకే పేపర్ ప్రింటు హాల్లో ఉంది. కాన్వాస్‌ది మెట్ల మలుపులో, ఎనిమిది అడుగుల కంటే దగ్గరికి ఎవరూ వెళ్ళని చోట పెట్టాను. అక్కడికది బాగుంది.