కాట్‌మన్ పాకెట్ బాక్స్: మన శరత్తుకి ఎంతవరకు సరిపోతుంది?

విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ల కాట్‌మన్ స్కెచర్స్ పాకెట్ బాక్స్‌లో 12 హాఫ్‌పాన్‌లు (గట్టి రంగు బిళ్లలున్న చిన్న గిన్నెలు), ఒక చిన్న బ్రష్ ఉంటాయి. స్టూడెంట్ రకం వాటర్ కలర్స్. ఆరుబయట కూర్చుని బొమ్మ వేసేవాళ్లకి బరువు లేని పెట్టె కావాలి కాబట్టి చాలామంది మొదట కొనేది ఇదే. అయితే దీన్ని చలిదేశాల ఎర్రాకుల అడవులతో కాదు, మన శరత్తుతో పోల్చి చూడాలి. మనకి ఎర్రాకులు రాలవు. గోదావరి లంకల్లో రెల్లు తెల్లబడుతుంది, అరకులో వలిసె (పసుపు పూల నూనెగింజల పైరు) పూస్తుంది, వరి ఆకుపచ్చ నుంచి పసుపుపచ్చకి తిరుగుతుంది, వానలు కడిగేసిన ఆకాశం నీలంగా తేలుతుంది. ఈ నాలుగూ పలికితే పెట్టె పనికొచ్చినట్టే.

ఆకాశానికి ఢోకా లేదు. అల్ట్రామెరైన్ అనే చిక్కని నీలం నిండుగా ఉంది. పైన చిక్కగా మొదలుపెట్టి కిందికి నీళ్లు పెంచుకుంటూ రావాలి. మబ్బుల నీడకి అందులోనే చిటికెడు బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపితే మంచి బూడిద రంగు వస్తుంది, నలుపు అక్కర్లేదు. వాటర్ కలర్ ఆరాక ఒక మెట్టు తేలిపోతుంది గనక తడిమీద కాస్త ముదురుగానే కనిపించాలి.

వలిసె దగ్గరే అసలు పరీక్ష. నవంబరులో చేను విరగబూసినప్పుడు ఒక్కో పువ్వునీ చుక్కగా పెట్టబోతే బొమ్మ పాడవుతుంది. నాలుగు బారల దూరం నుంచి కనిపించేది చేను, పువ్వులు కాదు. చేను మొత్తానికీ ముందు లెమన్ యెల్లో పల్చని వాష్, అంటే నీళ్లు కలిపిన రంగు పూత, వెయ్యాలి. తడి ఉండగానే ముందుభాగంలో పెట్టెలోని రెండో పసుపు, కొంచెం నారింజ వైపు మొగ్గేది, వదలాలి. గట్టు వెంబడి శాప్ గ్రీన్ రెండు మూడు చోట్ల తాకిస్తే చాలు. దూరపు చేలకి లెమన్ ఒక్కటే, అదీ నీళ్లగా. వెనక కొండలకి అల్ట్రామెరైన్‌లో కొద్దిగా అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు కలుపుతాం కదా, తిప్పలు అక్కడే. పసుపు ఆరకముందే ఆ ఊదా వచ్చి తగిలితే రెండూ కలిసి బురద రంగు అవుతుంది, ఎందుకంటే ఊదా, పసుపు ఒకదాన్నొకటి చంపే రంగులు. అరకు పొద్దుటి మంచులో వాష్ ఆరడానికి ఎండపూట పట్టేదానికి రెండింతలు, మూడింతలు పడుతుంది. చేతిని వెనక్కి తిప్పి కాగితానికి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

రెల్లు తెలుపుకి పెట్టెలోని తెల్లరంగు చైనీస్ వైట్ మీద ఆధారపడొద్దు. అది పల్చన. ముదురు రంగు మీద వేస్తే సుద్దలా మసకబారుతుంది. రెల్లు తెలుపంటే కాగితం తెలుపే. పూల గుత్తి ఆకారం వదిలేసి వెనక నీటినీ ఒడ్డునీ వేసుకోవాలి. అంచులు మెత్తబడాలంటే తడి బ్రష్‌తో రంగు లేపొచ్చు, అంటే కాగితం మీంచి తీసెయ్యొచ్చు. అల్ట్రామెరైన్ బాగానే లేస్తుంది, విరిడియన్ హ్యూ అనే ఆకుపచ్చ మాత్రం లేవదు. పేరు చివర ‘హ్యూ’ అంటే అసలు పిగ్మెంట్ (రంగుపొడి) బదులు వేరేది వాడారని అర్థం. ఇందులో వాడింది థాలో గ్రీన్, కాగితాన్ని పట్టేస్తుంది. రెల్లు పక్కన దాన్ని తేకపోవడమే మంచిది. తెల్లగా ఉంచాల్సిన చోట పూసి తర్వాత ఊడదీసే మాస్కింగ్ ఫ్లూయిడ్ వాడితే ఎండలో గంటల తరబడి ఉంచొద్దు. వేడికి అంటుకుపోయి, తీసేటప్పుడు కాగితం పొర కూడా వచ్చేస్తుంది.

వరికి శాప్ గ్రీన్ ఒక్కటే వేస్తే నాట్లప్పటి పచ్చదనం వస్తుంది, పండే చేను రాదు. మూడు వంతుల యెల్లో ఓకర్‌కి (మట్టి పసుపు) ఒక వంతు శాప్ గ్రీన్ కలపండి. ఓకర్ ఈ పెట్టెలో ముందుగా అయిపోయే రంగు.

జతగా వచ్చే బ్రష్ కొమ్మలకీ పడవలకీ సరే. ఆకాశానికి 8వ నంబరు రౌండ్ బ్రష్ విడిగా కొనాలి. కాగితం 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండే మందపాటి రకం) కన్నా పల్చనిది వద్దు, తడికి ఉబ్బి రంగు గుంటల్లో నిలుస్తుంది. కాగితం బిగించిన అట్టని నీడలో పెట్టుకోవాలి. నేరుగా ఎండ పడే కాగితం మీద రంగులన్నీ లేతగా కనిపించి చెయ్యి ముదురు వేసేస్తుంది, ఇంటికొచ్చి చూస్తే బొమ్మ చీకటిగా ఉంటుంది.

రంగులు కలుపుకునే కొత్త మూత మీద రంగు పరుచుకోక ముత్యాల్లా విడిపోతుంటే, టూత్‌పేస్ట్ వేలితో రుద్ది కడగండి. పని మొదలుపెట్టే రెండు నిమిషాల ముందు ఒక్కో పాన్‌లో నీటి చుక్క వేస్తే రంగు తేలిగ్గా వస్తుంది. చైనీస్ వైట్ పాన్ తీసేసి ఆ చోట ఖాళీ హాఫ్‌పాన్‌లో ట్యూబ్ ఓకర్ నింపుకోవచ్చు. ఒక్కసారే నింపితే ఆరాక పగిలి ఊడిపోతుంది. మూడు విడతలుగా, ప్రతి పొరనీ ఒకరోజు ఆరనిచ్చి నింపాలి. కోనసీమ లాంటి తేమ ప్రాంతాల్లో పని అయ్యాక పెట్టెని వెంటనే మూసేస్తే పాన్‌ల మీద బూజు పడుతుంది. రాత్రంతా తెరిచి ఉంచి, పొద్దున మూత వెయ్యండి.