రాజమండ్రిలో అద్దెకి ఏడేళ్లు: నా అనుభవం

2018 జూన్‌లో ట్రాన్స్‌ఫర్ మీద హైదరాబాద్ నుంచి అమ్మని తీసుకుని రాజమండ్రి వచ్చాను. అప్పటికే కాగితాల మీద రాజమహేంద్రవరం అయిపోయింది గానీ ఆటోవాళ్లకి ఇప్పటికీ రాజమండ్రే. ఇక్కడికి వద్దామనుకునేవాళ్లు గోదావరి కనిపించే ఇల్లు దొరుకుతుందా అని అడుగుతుంటారు. నేనూ అదే అడిగాను, బుద్ధిలేక.

అసలు ఇల్లు దొరకడమే ఒక కథ. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "మీరేమిట్లండీ?", రెండోది "మీవారేం చేస్తారండీ?" మేం విడిపోయామండీ అనగానే "ఆయ్, మా అబ్బాయి వచ్చేస్తున్నాడండీ, ఇల్లు మాకే కావాలండీ". మర్యాదకి లోటు లేదు, ప్రతి మాటకీ అండీ ఉంటుంది, ఇల్లు మాత్రం ఇవ్వరు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే, ఆయన ఇల్లు ఇప్పటికీ జనం వచ్చి చూసిపోతారు. అదే ఊళ్లో నన్ను పదకొండు ఇళ్లవాళ్లు కాదన్నారు, లెక్కపెట్టుకున్నాను.

పన్నెండో ఇల్లు ఇన్నీసుపేటలో, రేవుకి నడిచి వెళ్లేంత దూరం. ఓనరు ఒక మామ్మగారు, ఆవిడా ఒక్కరే ఉంటారు. కులమూ అడగలేదు, మొగుడి సంగతీ అడగలేదు. "పొద్దున్నే మోటారు నువ్వు వేస్తావా అమ్మాయ్?" అన్నారంతే. కార్పొరేషన్ కుళాయి తెల్లారగట్ల వస్తుంది, ఆ కాసేపట్లో సంపు నింపుకుని పైకి ఎక్కించుకోకపోతే ఆ రోజుకి బిందెలే గతి, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అద్దె 6,500, అడ్వాన్సు రెండు నెలలు. పాతకాలం డాబా, గోడలు మూరెడు మందం, మే నెలలో కూడా లోపల హాయిగా ఉండేది (ఇక్కడ ఎండ కంటే ఉక్కపోత చంపుతుంది, ఏసీ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి). శ్రావణం వచ్చేసరికి మాత్రం ఆ గోడలే చెమ్మ పట్టి బీరువాలో చీరలన్నీ బూజు వాసన, సాయంత్రం ఆరు దాటితే తలుపు తీయనివ్వని దోమలు.

వరదంటే అందరికీ భయం కదా. 2022 జులైలో చూశాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ ఏడు 21 దాటింది. గట్టు ఉంది కాబట్టి మా ఇంట్లోకి నది రాలేదు. కానీ గోదావరి నిండుగా ఉన్నప్పుడు అందులోకి పోయే కాలువల తలుపులు మూసేస్తారు, దాంతో మన వీధిలో కురిసిన వాన మన వీధిలోనే నిలబడుతుంది. మోకాలి లోతు మురుగులోంచి ఆఫీసుకి నడిచాను, ఊరు ఊరంతా వరద చూడ్డానికి పుష్కర ఘాట్‌కి ఎదురొస్తోంది!

మామ్మగారిని వాళ్లబ్బాయి బెంగుళూరు తీసుకెళ్లిపోయాక ఇల్లు అమ్మేశారు. ఇప్పుడు దానవాయిపేటలో మూడో అంతస్తు ఫ్లాటు, 11,000, మెయింటెనెన్సు విడిగా. 2022 ఏప్రిల్‌లో ఊరు జిల్లా కేంద్రం అయింది, అద్దె పెంచిన ప్రతిసారీ మా ఓనరు చెప్పే కారణం అదే. చెమ్మ లేదు, నీళ్ల టెన్షన్ లేదు, పక్క ఫ్లాటువాళ్ల పేరూ తెలీదు.

ఇక ఊరంటారా, బండి ఉంటే ఎటైనా పావుగంట. మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్, తాడితోటలో చీరలు, కార్తీకంలో ఘాట్ల వైపు మాత్రం బండి తీయకండి. రాత్రి పదికల్లా నిద్రపోయే ఊరు, సినిమా తప్ప వేరే కాలక్షేపం కావాలంటే విసుగు పుడుతుంది. నాకు మాత్రం సాయంత్రం గట్టు మీద కూర్చుని, 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెననీ పక్కన కొత్త వంతెన మీద పోయే రైళ్లనీ చూస్తే చాలు. అది చూడ్డానికి ఇంటి కిటికీలోంచి గోదావరి కనబడక్కర్లేదు, అద్దె కట్టక్కర్లేదు.

ఇల్లు చూడాలనుకుంటే వానాకాలంలో, పొద్దున్నే కుళాయి వచ్చే టైముకి వెళ్లండి. బీరువా పెట్టే గోడ మీద చెయ్యి ఆనించి చూడండి. మోటారు స్విచ్ ఎవరి వాటాలో ఉందో కూడా అడగండి.