మలుపులు నేర్చుకోవడానికి మన సీమ రోడ్లలో ఏది ముందు, ఏది చివర

మా మేనల్లుడికీ వాడి స్నేహితుడికీ లైసెన్సు వచ్చి ఏడాది కూడా కాలేదు. అనంతపురం ఊళ్ళో, హైవే మీద ఇద్దరూ బైకు బాగానే తోలుతారు కానీ మలుపు కనబడితే చాలు భుజాలు బిగుసుకుపోతాయి. వాళ్ళు అడిగింది కడప దగ్గరి గువ్వలచెరువు ఘాట్‌కు తీసుకుపొమ్మని. తీసుకుపోతాను గానీ అది చివర్లో అని చెప్పాను. అందుకే దారి ఇలా వేసుకున్నాం: తాడిపత్రి మీదుగా గండికోట, అక్కడి నుంచి కోయిలకుంట్ల, నంద్యాల, ఆత్మకూరు దాటి నల్లమల, మళ్ళీ నంద్యాలకు వచ్చి కడప, ఆ తర్వాతే గువ్వలచెరువు. మ్యాపులో చూస్తే చుట్టుదారే, నేర్చుకునేవాళ్ళకు మాత్రం ఇదే సరైన వరుస.

అనంతపురం నుంచి కర్నూలుకు 44వ నంబరు హైవే మీద ఎన్నిసార్లు పోయినా మలుపు తోలడం రాదు, అంత తిన్నగా ఉంటుంది. తాడిపత్రి దారి కొంచెం నయమే కానీ సిమెంటు లారీలు, నాపరాళ్ళ లారీలు ఎక్కువ, రోడ్డు పక్కన దుమ్ము మేట వేసి ఉంటుంది, కాబట్టి అక్కడ ప్రాక్టీసు పెట్టుకోవద్దు. ఉగ్గాని బజ్జి తిని ముందుకు పోవడమే.

జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే రోడ్డు ఉందే, కొత్తవాళ్ళకు నేను మొదటి మార్కు దానికే ఇస్తాను. దూరం పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ. ఎర్రమల కొండల మీదికి మెల్లగా ఎక్కుతుంది, మలుపులు మరీ బిగువు కావు, చాలాచోట్ల మలుపు అవతల రోడ్డు కూడా కనిపిస్తుంది. పొద్దున్నే, టూరిస్టు కార్లు మొదలుకాక ముందు, దాదాపు ఖాళీ. అక్కడే అటూ ఇటూ తిప్పించాను.

మొదటి రెండు మలుపుల్లోనే మేనల్లుడు ఆపి, "మామా, బండి దానంతటదే బయటికి పోతాంది" అన్నాడు. వెనక నుంచి చూస్తున్నాను కదా, వాడు మలుపులోకి దిగాక బ్రేకు పడుతున్నాడు, ఆపైన క్లచ్ నొక్కేస్తున్నాడు, చూపేమో ముందు చక్రానికి పదడుగుల దూరంలో. టైరుకు రోడ్డు మీద ఉండే పట్టు ఒక్కటే, దాన్నే బ్రేకూ వాడుకోవాలి, మలుపూ వాడుకోవాలి. అందుకే బ్రేకు, గేరు తగ్గించడం, రెండూ బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. మలుపులోకి దిగాక క్లచ్ వదిలేసి, యాక్సిలరేటర్ సన్నగా పట్టుకుంటే బండి కుదురుగా ఉంటుంది. 40లో పోయేది 60కి పెంచితే వేగం ఒకటిన్నర రెట్లే, బ్రేకు పట్టాక ఆగడానికి కావాల్సిన దూరం మాత్రం రెండు రెట్లకు పైనే, మలుపులో బయటికి లాగే బలం కూడా అంతే పెరుగుతుంది. ఈ లెక్క చెప్పాక ఇద్దరూ స్పీడోమీటరు వైపు వేరేగా చూశారు.

ఇంకొకటి హ్యాండిల్ సంగతి. బండి కాస్త వేగం అందుకున్నాక ఎడమకు తిరగాలంటే ఎడమ చేతి పట్టును మెల్లగా ముందుకు నెట్టాలి, బండి ఎడమకే వాలుతుంది. వినగానే ఎవరూ నమ్మరు. ఖాళీ రోడ్డు మీద నలభైలో తిన్నగా పోతూ అరచేత్తో ఒక్క పిసరు నెట్టి చూడమన్నాను, చూశారు, అంతే, ఇక వాదన లేదు. చూపు విషయం దీనికన్నా ముఖ్యం. మలుపులో రోడ్డు రెండు అంచులూ దూరంగా ఒకచోట కలిసినట్టు కనిపిస్తాయి, కళ్ళు ఆ చోటు మీద పెట్టాలి. అది మన మీదికి వచ్చేస్తుంటే మలుపు బిగుస్తోందని అర్థం, వేగం ఇంకా తగ్గాలి. మనతోపాటు ముందుకు జరుగుతుంటే మలుపు విచ్చుకుంటోంది. గుంటను చూస్తే గుంటలోకే పోతాం, లారీని చూస్తే లారీ వైపే పోతాం.

శనగ, కంది నూర్చే రోజుల్లో ఆ ప్రాంతానికి పోతే ఒకటి గుర్తుంచుకోండి. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని కొన్ని ఊళ్ళ దగ్గర కోసిన పైరు కట్టెను రోడ్డు మీదే పరుస్తారు. ఒక మలుపు దాటగానే సగం రోడ్డు మేర ఎండుకట్టె, దాని కింద గుండ్రటి గింజలు. దాని మీద బండి వాల్చినా బ్రేకు పట్టినా చక్రం జారిపోతుంది. మేనల్లుడు ముందే వేగం తగ్గించి ఉన్నాడు కాబట్టి బండి నిటారుగా పెట్టి, దేన్నీ ముట్టుకోకుండా, మెల్లగా దాటేశాడు. మలుపు అవతల ఎంత దూరం కనిపిస్తోందో అంతలో ఆగగలిగే వేగమే మన వేగం అని పొద్దుటి నుంచీ చెబుతున్నది వాడికి అక్కడ అర్థమైంది. నాకు ఆ క్షణం నిజంగా సంతోషమేసింది.

గండికోటలో బస విషయానికొస్తే, మేము ఒక టెంట్ల వాళ్ళ దగ్గర దిగాం. తెల్లవారి పెన్నా లోయ మీద వెలుగు పడటం చూడటానికి టెంటు బాగుంటుంది, కాదనను. కానీ అర్ధరాత్రి దాటేదాకా స్పీకర్లు, పక్క టెంట్ల కేకలు, అడిగితే పట్టించుకున్నవాళ్ళు లేరు. నిద్ర చాలని మనిషి పొద్దున్నే మలుపులు తోలకూడదు, కాబట్టి ఆ ఉదయం ప్రాక్టీసు మానేసి మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూస్తూ గడిపాం. బండ్ల మీద వచ్చేవాళ్ళకు పర్యాటక శాఖ వాళ్ళ హరిత హోటల్లో గది నయమని నా అభిప్రాయం, శని ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోవాలి. పెట్రోలు జమ్మలమడుగులోనే పోయించుకోండి.

నంద్యాల నుంచి ఆత్మకూరు దాకా పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆత్మకూరు దాటి దోర్నాల వైపు తిరిగితే నల్లమల, పులుల అభయారణ్యం. ఇది రెండో పాఠం. మలుపులు కష్టమైనవి కావు గానీ చెట్ల నీడలో గుంట కనబడదు, కోతులు ఉన్నట్టుండి దూకుతాయి, స్పీడ్ బ్రేకర్లు వరసగా ఉంటాయి. వేగంగా పోయే రోడ్డు కాదు, పోకూడదు కూడా. రాత్రిపూట అటవీ శాఖ గేట్లు వేసేస్తారు కాబట్టి చీకటి పడకముందే చేరేలా చూసుకోవాలి. బైర్లూటిలో అటవీ శాఖ వాళ్ళ జంగిల్ క్యాంపు ఉంది, ఆ రాత్రి అక్కడే. గోల లేదు, తొందరగా నిద్ర పట్టింది. ఈ ప్రయాణంలో డబ్బుకు తగిన బస అంటే నా లెక్కలో ఇదే.

నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పెద్ద రోడ్డే. దారిలో ఒకచోట గాలి పట్టించాం, మా దగ్గరున్న గాలి కొలిచే గేజితో చూస్తే రెండు బండ్లకూ బాగా ఎక్కువ కొట్టారు. గాలి ఎక్కువైన టైరు రోడ్డును సరిగ్గా పట్టుకోదు. చిన్న గేజి ఒకటి జేబులో పెట్టుకుంటే మంచిది, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి.

గువ్వలచెరువు ఘాట్ కడప–రాయచోటి మధ్య ఉంది. కడప నుంచి పోతే ఎక్కుడు, తిరిగొస్తే దిగుడు. తెల్లారగానే బయలుదేరాం. అక్కడ అసలు భయం మలుపు కాదు, లారీలు. పొడవాటి కంటైనరు దాదాపు వెనక్కి మళ్ళిపోయే హెయిర్‌పిన్ మలుపు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు లోపలి వైపు కోసుకుంటూ వస్తాయి, ఆ సందులో బైకు దూర్చామంటే ఇంక చోటుండదు. హారన్ కొట్టి, ఆగి, అది పూర్తిగా తిరిగాకే కదలమన్నాను. ఇరుకు ఘాట్‌లో ఎక్కే బండికి దిగేవాళ్ళు దారి ఇవ్వాలి, నిబంధనే అది, కానీ ఎదుటివాడు ఇస్తాడని నమ్మి తోలకూడదు. కుడి మలుపుల్లో ఇంకో ప్రమాదం ఉంది: చక్రాలు మన వైపే ఉన్నా, బండి వాలినప్పుడు తల మధ్య గీత దాటి అవతలికి పోతుంది. అందుకే కుడి మలుపుకు ఎడమ అంచు దగ్గరే ఉండి, అవతల రోడ్డు కనిపించాకే లోపలికి రావాలి.

స్నేహితుడు ధైర్యంగా, "ఏబీఎస్ ఉంది కదన్నా" అన్నాడు. బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు అది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరే, కానీ చాలా బండ్లలో అది ముందు చక్రానికి మాత్రమే, పైగా వాలి ఉన్న బండిని అది పడకుండా కాపాడలేదు. దిగేటప్పుడు రెండో గేరులో పెట్టి ఇంజను చేతనే బండిని పట్టించాలి. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో జారుకుంటూ దిగేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు, చూస్తుంటే గుండె దడదడలాడుతుంది. కిందికి వచ్చేసరికి బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గిపోతే ఏం చేస్తారు?

పైన గువ్వలచెరువులో పాలకోవ తిని, అరగంట కూర్చుని, చేతులు వదులయ్యాక దిగాం. కడపలో బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలకు కొదవ లేదు, గది ఎలా ఉందో చూసేముందు బండి లోపల పెట్టుకోనిస్తారా అని అడగండి. కారం దోశ పొద్దున, రాగి సంగటి నాటుకోడి రాత్రికి. మధ్యాహ్నం సంగటి తిని ఘాట్ ఎక్కొద్దు, నిద్ర ముంచుకొస్తుంది.

ఒక్క రోజే కుదిరేవాళ్ళు గండికోట రోడ్డుకు పోండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. వానల మొదట్లో అయితే అదీ వద్దు, తొలకరి జల్లుకు రోడ్డు మీది దుమ్ము, నూనె కలిసి జిడ్డులా తయారవుతుంది. మేనల్లుడు తర్వాత మైదుకూరు–బద్వేలు ఘాట్ అంటున్నాడు. ముందు ఇద్దరూ మోకాలి ప్యాడ్లు, సరైన గ్లవుజులు కొనుక్కుంటే చూద్దామన్నాను.