కోఠీ రెసిడెన్సీ: కట్టించినవాడు ఉండని ఇల్లు

హైదరాబాదులో పాత భవనాలు చూడవచ్చినవారు సాధారణంగా చౌమహల్లా, ఫలక్‌నుమాలు చూసి తిరిగి వెళ్లిపోతారు. కోఠీ మహిళా కళాశాల ప్రాంగణంలో ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉండే రెసిడెంటు నివాసం, వారి జాబితాలో అరుదుగా కనిపిస్తుంది. అలంకరణ కోసం కాక నిర్మాణం కోసమే ఒక ఇంటిని చూడదలచినవారికి మాత్రం నగరంలో దీనికి సాటి మరొకటి లేదని నా అభిప్రాయం.

1803లో పని మొదలైన ఈ భవనానికి రూపకర్త మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. ఆయన ఇంగ్లండులో పేరుపొందిన చిత్రకారుడు జాన్ రస్సెల్ కుమారుడు. కంపెనీ తన పెద్ద భవనాలను తరచుగా సైనిక ఇంజనీర్లకే అప్పగించేది; ఇంచుమించు అదే కాలంలో కలకత్తా గవర్నమెంట్ హౌస్‌ను రూపొందించిన చార్లెస్ వయట్ కూడా అటువంటి అధికారే. కట్టించినవాడు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఖర్చు భరించినది నిజాం. స్థలం కోరుతూ కిర్క్‌పాట్రిక్ పంపిన పెద్ద పటాన్ని చూసి నిజాం అలీ ఖాన్ నిరాకరించాడనీ, తన రాజ్యపటమంత ఉన్న ఆ కాగితమే ఆయనను బెదరగొట్టిందని మంత్రి మీర్ ఆలం చెప్పగా, అదే పటాన్ని చిన్న కార్డు మీద గీయించి పంపితే వెంటనే ఒప్పుకున్నాడనీ ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. నిజమో కాదో గాని, భవనం ఎదుట నిలబడినప్పుడు ఆ నిరాకరణకు కారణం బోధపడుతుంది.

ముఖద్వారం వద్ద ఆరు కొరింథియన్ స్తంభాలు, వాటి పైన త్రికోణపు నుదురు, అందులో కంపెనీ రాజచిహ్నం, మెట్లకు ఇరువైపులా సింహాలు ఉన్నాయి. దీనిని చూడగానే అందరూ అమెరికా అధ్యక్షుని నివాసాన్ని తలచుకుంటారు; రెండూ ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో సంప్రదాయం నుంచి వచ్చినవే కాబట్టి పోలిక సహజమే. నా దృష్టిలో ఈ ముఖభాగం దర్పం చూపడానికి కట్టినది, అంతకు మించి కొత్తదనం లేదు. రస్సెల్ ప్రతిభ లోపల తెలుస్తుంది. రెండంతస్తుల ఎత్తున్న దర్బారు హాలు దాటగానే, ఒకటిగా మొదలై రెండుగా చీలి వంపు తిరుగుతూ పైకి సాగే మెట్ల వరుస ఎదురవుతుంది. అంత బరువైన కట్టడం నడుమ అంత తేలికగా కనిపించే మెట్లను ఊహించగలగడం సామాన్యమైన విషయం కాదు. తొందరపడకుండా, కింది నుంచీ పై నుంచీ రెండు విధాలా చూడాలి.

కిర్క్‌పాట్రిక్ 1805 అక్టోబరులో కలకత్తాలో మరణించాడు. పూర్తయిన భవనంలో నివసించే యోగం ఆయనకు దక్కలేదు. ఆయన భార్య ఖైరున్నీసా హైదరాబాదు ఉన్నత వంశీకురాలు, పరదా పాటించే స్త్రీ. ఆమె ఉన్న జనానా (స్త్రీల నివాస భాగం) రంగమహల్ తరువాతి కాలంలో కూల్చివేతకు గురైంది. ప్రధాన భవనాన్ని బయటకు వచ్చి చూడలేని ఆమె కోసమే తోటలో దాని చిన్న నమూనాను కట్టించాడని చెబుతారు. చాలామంది దాన్ని పట్టించుకోరు. నేనైతే అది చూడనివారు రెసిడెన్సీని సగమే చూసినట్లని అంటాను.

1857 తిరుగుబాటు కాలంలో, జులై 17న, తిరుగుబాటుదారులైన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో దాడి జరిగింది ఈ రెసిడెన్సీ మీదనే. 1924లో ఆరంభమైన మహిళా కళాశాల 1949లో ఇక్కడికి మారింది. నేడు అది మహిళా విశ్వవిద్యాలయం. దశాబ్దాలపాటు తరగతులు నడిచిన గదులను ప్రపంచ స్మారక నిధి (వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్) సహకారంతో పునరుద్ధరించారు. 2002లోనే ఆ సంస్థ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో ఈ కట్టడాన్ని చేర్చింది.

చదువులు సాగే ప్రాంగణం కనుక ప్రవేశ వేళలు ముందుగా కనుక్కుని బయలుదేరడం మంచిది. మెట్రోలో వచ్చేవారికి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషను దగ్గర. చరిత్ర తెలిసిన మార్గదర్శి వెంట ఉంటే మేలు. లేకపోయినా తోటలోని నమూనాను ముందు చూసి, ఆ తరువాత భవనంలోకి వెళ్లండి. రస్సెల్ వేసిన లెక్క అప్పుడు తేలికగా అర్థమవుతుంది.