"సాఫ్ట్‌వేర్లన్నీ ఎక్కించి ఇస్తం" అంటే ఆగండి: సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనేటోళ్లకు హెచ్చరిక

దేవరకొండల నాకు చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉన్నది. జిరాక్స్, లామినేషన్, డిగ్రీ అడ్మిషన్ల దోస్త్ ఆప్షన్లు, పరీక్ష ఫీజులు, గివే పనులు. అడ్మిషన్ల సీజన్‌కు ఒక్క సిస్టమ్ సరిపోతలేదని హైదరాబాద్ పోయి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ తెచ్చిన. 18,500 పెట్టిన. ఏదో కంపెనీల వాడి తీసేసిన మాల్. బాడీ మంచిగుంది, బ్యాటరీ మంచిగుంది. లాప్‌టాప్‌ల తప్పేం లేదు. దాంట్ల ఫ్రీగ ఎక్కించి ఇచ్చిన సామానుల ఉన్నది తప్పంతా.

షాపాయన "విండోస్, ఆఫీస్, ఫోటో ఎడిటింగ్, తెలుగు టైపింగ్, అన్నీ వేసిన తమ్మీ, రూపాయి ఎక్కువ తీసుకోలే. ఒక్కటే యాదిల పెట్టుకో, డిఫెండర్ ఆన్ చెయ్యకు, సిస్టమ్ స్లో అయితది" అన్నడు. డిఫెండర్ అంటే విండోస్‌తోని వచ్చే యాంటీవైరస్. ఆ ఆఖరి మాటకే లాప్‌టాప్ ఆయన చేతుల పెట్టి రావాల్సింది. రాలే. పని తొందరల ఉన్న.

ఇరవై రోజులు ఏ తిప్పలు లేదు. ఒకరోజు రాత్రి ఫైళ్లు అప్‌లోడ్ అయితున్నయని సిస్టమ్ బంద్ చెయ్యకుండ ఇంటికి పోయిన. తెల్లారంగనే ఫోన్ల మీద ఫోన్లు. బ్రౌజర్‌ల షాపు వాట్సాప్ తెరిచే ఉండె. రాత్రి 2 గంటలకు నా పేరు మీద నలభై మందికి పైగ మెసేజ్ పోయింది: "అర్జెంటుగ 4,000 పంపండి, పొద్దున ఇస్త." కింద ఎవనిదో యూపీఐ నంబర్. చానామంది నాకు ఫోన్ చేసి అడిగిన్రు. కొండమల్లేపల్లి దిక్కు నుంచి వచ్చే ఒక పెద్దమ్మ మాత్రం మనుమనితోని పంపించేసింది. అడిగితే "నువ్వు అడిగినవంటే ఏదో ఆపతి ఉంటదనుకున్న బిడ్డా" అన్నది. ఆ 4,000 నేను అదేరోజు ఇచ్చేసిన. ఆ నమ్మకానికి ఏమిచ్చి తీర్చాలె?

నేను ఏ లింకు నొక్కలే, ఎవరికీ ఓటీపీ చెప్పలే. మరి ఎట్ల జరిగిందని మా మేనల్లుడు వచ్చి చూసిండు. డిఫెండర్ సెట్టింగ్స్‌ల ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటది, అంటే ఇక్కడ వెతకొద్దు అని చెప్పే జాగా. అందుల సీ డ్రైవ్ మొత్తం రాసి ఉన్నది. ఇల్లంత వదిలేసి గేటు ముందట కావలి కూసున్నట్టు.

అట్ల వదిలేసిన జాగల దాక్కొని బయటోనికి దారి ఇచ్చే ప్రోగ్రాంను బ్యాక్‌డోర్ అంటరు, ఎనక దర్వాజ. పైసలు కట్టకుండ సాఫ్ట్‌వేర్ నడిపిచ్చే క్రాక్ ఫైల్, యాక్టివేటర్ నడవాలంటే ముందుగల యాంటీవైరస్ ఆపమంటది, అడ్మిన్ పర్మిషన్ అడుగుతది. మనమే ఎస్ కొడతం. పైకి విండోస్ యాక్టివేట్ అయితది, మనకు సంతోషం. లోపల ఇంకో ప్రోగ్రాం సప్పుడు లేకుండ కూసుంటది. ఇంట్ల రూటర్ బయటి నుంచి వచ్చేటోన్ని ఆపుతది గని, లోపలి నుంచి బయటికి పోయేదాన్ని మామూలు ఇంటర్నెట్ పనే అనుకొని వదులుతది. ఈ ప్రోగ్రాం తనే బయటికి పోయి దొంగోని సర్వర్‌ను కలుస్తది, వాడు చెప్పిన పని చేస్తది. గొళ్లెం లోపలి నుంచే తీసినంక తాళం ఎంత పెద్దదైతే ఏంది? స్క్రీన్ చూస్తడు, టైప్ చేసేది చదువుతడు, ఫైళ్లు గుంజుకుంటడు. మనం లాగిన్ అయి ఉన్నమని బ్రౌజర్ దాచుకునే గుర్తులు, అంటే కుకీలు, ఎత్తుకపోతే వానికి పాస్‌వర్డ్ అవసరం లేదు, ఓటీపీ సుత అడగది.

అసలు సాఫ్ట్‌వేర్లకే ఈ ఆపద తప్పలే. 2017ల సీక్లీనర్ 5.33 వెర్షన్, కంపెనీ సొంత సైట్‌లకెల్లి దించుకున్నదే, బ్యాక్‌డోర్‌తోని వచ్చింది. ఎవడు చేసిండో తెల్వని క్రాక్‌ను ఏం చూసి నమ్ముడు?

మీకు ఇట్ల అయితే ముందుగల నెట్ తీసెయ్యండి, వైఫై బంద్, కేబుల్ ఉంటే గుంజెయ్యండి. పాస్‌వర్డ్‌లు ఆ సిస్టమ్‌ల మార్చొద్దు, మార్చిన పాస్‌వర్డ్ సుత వానికే పోతది. మీ ఫోన్ నుంచి మార్చండి. వాట్సాప్‌ల లింక్డ్ డివైసెస్‌కు పోయి అన్నీ లాగౌట్ చెయ్యండి, జీమెయిల్‌ల సుత అన్ని డివైస్‌ల నుంచి సైనౌట్ కావాలె. పైసలు పోతే ఆలస్యం చెయ్యకుండ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి, పైసలు ఇంకా ఖాతాలనే ఉంటే ఆపే అవకాశం ఉంటది.

మేము ఎక్స్‌క్లూజన్స్ తీసేసి, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టినం. విండోస్ లేవకముందే వెతుకుతది గనుక దాక్కునే చాన్స్ తక్కువ, పావుగంట పడుతది. మూడు దొరికినయ్, తీసేసింది. తెల్లారి ఆన్ చేస్తే ఒకటి మళ్ల ప్రత్యక్షం. చెప్పిన టైంకు పనులు దానంతటదే నడిపే టాస్క్ షెడ్యూలర్‌ల ఏదో అప్‌డేట్ పేరు పెట్టుకొని ఒక పని ఉండె, సిస్టమ్ లేవంగనే దాన్ని మళ్ల దించుతుండె. అది తీసేసినా నాకు నిమ్మళం కాలే. ఇంకోటి ఏడ ఉందో ఎవలికి ఎరుక? పిల్లల మెమోలు, ఆధార్లు పెట్టే సిస్టమ్ అది.

అందుకే మొత్తం తుడిచేసినం. వేరే మంచి కంప్యూటర్‌ల మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి, పాత పార్టిషన్లన్నీ డిలీట్ చేసి విండోస్ కొత్తగ వేసినం. కావాల్సిన ఫొటోలు, పీడీఎఫ్‌లు మాత్రం ముందే తీసి స్కాన్ చేసుకున్నం, సెటప్ ఫైల్ ఒక్కటి సుత ముట్టలే.

నాకు కడుపు మండింది ఇక్కడనే. నెట్ కలపంగనే విండోస్ దానంతటదే యాక్టివేట్ అయింది. విండోస్ 8 కాలం నుంచి లాప్‌టాప్ కంపెనీలు లైసెన్స్ కీని మదర్‌బోర్డులనే పెట్టి అమ్ముతున్నయ్. అసలు లైసెన్స్ లోపల ఉండంగనే షాపాయన పైనుంచి యాక్టివేటర్ నడిపిండు. ఫోన్ చేస్తే "అందరికీ అదే ఎక్కిస్తం, ఎవలూ అడగలే" అన్నడు. ఆయన కావాలని చేసిండని నేను అంటలేను. కానీ అదే పెన్‌డ్రైవ్ ఎన్ని లాప్‌టాప్‌లకు పెట్టిండో తలుసుకుంటే భయమైతది.

కొనేముందు షాపులనే రెండు చూడండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి డిఫెండర్ ఆన్ ఉన్నదా, ఎక్స్‌క్లూజన్స్ ఖాళీగ ఉన్నయా చూడండి. రన్ బాక్స్‌ల ఎస్ఎల్ఎంజీఆర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ ఎక్స్‌పీఆర్ కొట్టండి. ఫలానా తారీఖుకు అయిపోతదని వస్తే 180 రోజుల కేఎంఎస్ యాక్టివేషన్, అంటే పెద్ద ఆఫీసులు తమ సర్వర్‌తోని చేసుకునేది, అయి ఉంటది, ఇంట్ల వాడే మిషన్‌ల అది ఉండొద్దు. పర్మనెంట్ అని వచ్చినా నమ్మకండి, అట్ల చూపించే క్రాక్‌లు సుత వచ్చినయ్. రెండూ సరిగ్గనే ఉన్నా, ఇంటికి తెచ్చినంక ఒక్క పాస్‌వర్డ్ కొట్టకముందే తుడిచి కొత్తగ వేసుకోండి. గంట పని.

ఆ ఇరవై రోజులల్ల నా దగ్గర ఆధార్, మెమో ఇచ్చినోళ్లకు ఒక మాట. మీ కాగితాలు బయటికి పోయినయో లేదో నేను ఖాయంగ చెప్పలేను. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ సైట్‌ల మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నయో చూడొచ్చు, మీది కానిది ఉంటే అక్కడనే రిపోర్ట్ కొట్టొచ్చు. చూసుడు రాకుంటే షాపుకు రండి, పొద్దున 9 నుంచి ఉంట. పైసలు తీసుకోను.