పులికాట్ పక్షుల ట్రిప్: బండి బాగుంది, టైమే బాలేదు

ఏప్రిల్ మొదటి ఆదివారం తిరుపతి నుంచి పులికాట్ సరస్సుకి పక్షులు చూసే వన్ డే ట్రిప్ వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, పరీక్షలైపోయి ఫోన్ పట్టుకుని కూర్చున్న మావాడు. మనిషికి 1,400, టిఫిను, భోజనం వాళ్లదే. ట్రావెల్స్ పేరు రాయను, డ్రైవరన్న బంగారం లాంటి మనిషి, నా కోపమంతా ఆ ప్లాన్ వేసినవాళ్ల మీదే.

ఐదింటికల్లా లీలామహల్ సర్కిల్ దగ్గర ఉండమన్నారు, ఉన్నాం. బండి ఆరుంబావుకి వచ్చింది. ఒక ఫ్యామిలీకి కొండ మీద దర్శనం ఆలస్యమై అప్పుడే దిగారట, పాపం వాళ్లనేం అంటాం, ఎక్కగానే అందరికీ లడ్డు కూడా పెట్టారు. సరేలే గంటే కదా పోయింది అనుకుంటుంటే శ్రీకాళహస్తిలో బండి గుడి వైపు తిరిగింది. ఇదేందన్నా అంటే "ఐదు మందికి రాహుకేతు పూజ ఉండాది సార్, ముప్పావు గంటే" అన్నాడు. పూజ ముప్పావు గంటేనేమో గానీ క్యూ, చెప్పులు, ప్రసాదం, ఫొటోలు అన్నీ కలిపి రెండు గంటలు. పక్షుల ట్రిప్ అని డబ్బులు తీసుకుని ఈ మాట ముందే చెప్పకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.

దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రంలో ఇరవై నిమిషాలు ఆపారు. చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు, అదే పెలికాన్లు, ఇంకా కొన్ని ఉన్నాయి, చాలావరకు పిల్లలు ఎగరడం నేర్చుకుని వెళ్లిపోయాయట. అక్కడి రైతులు ఈ పక్షుల జోలికి పోరు, రెట్టలు పడిన చెరువు నీళ్లు పొలానికి ఎరువుతో సమానమని వాళ్ల లెక్క. ఇంకాసేపు ఉందామంటే టైం లేదన్నారు. గుడి దగ్గర ఉన్న టైం ఇక్కడ ఎట్లా లేకుండా పోయిందో.

సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట వెళ్లే రోడ్డు ఎక్కేసరికి పదకొండు దాటింది. అసలు దెబ్బ అక్కడ తగిలింది. రోడ్డుకి రెండు వైపులా సరస్సే, ఏప్రిల్‌లో చాలాచోట్ల నీళ్లు తగ్గి బురద తేలి ఉంటుంది, ఎండకి ఆ బురద కాలి గాలి అల్లాడిపోతుంటుంది. దూరంగా రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, ఉన్నాయి, వందల్లో, కానీ బైనాక్యులర్ పెడితే గులాబీ రంగు గీత ఒకటి నీళ్లలో వణుకుతున్నట్టుంది, తలా తోకా తెలియదు. ఎంత ఖరీదైన అద్దాలున్నా ఈ టైంలో దండగే, అవి పక్షితో పాటు ఆ వణుకుని కూడా పెద్దది చేసి చూపిస్తాయి. పైగా పద్నాలుగు మందికి రెండే బైనాక్యులర్లు, అందులో ఒకదానిలో ఒక్కో బొమ్మ రెండుగా కనపడుతుంది. నీడ కోసం ఒక్క చెట్టు లేదు.

ట్రిప్ మొత్తంలో డబ్బుకి తగినది ఏదైనా ఉందంటే అక్కడ బండెక్కిన లోకల్ గైడ్ కుర్రాడు. మా పాంప్లెట్‌లో "సైబీరియా రాజహంసలు" అని ఉంటే చూసి నవ్వాడు. రాజహంసలు మన దేశంలో గూళ్లు పెట్టేది గుజరాత్‌లో కచ్ రణ్ వైపు సార్, గూడబాతులైతే ఇక్కడివే, నిజంగా సైబీరియా పోయేది అదిగో అని రోడ్డు వార బురదలో ముక్కు గుచ్చుకుంటూ తిరిగే చిన్న పిట్టల్ని చూపించాడు. ఉల్లంకి పిట్టలు. వాటిలో కర్లూ శాండ్‌పైపర్ అని ఒకటి, గోరింక కన్నా కాస్త చిన్నది, ముక్కు చివర కొద్దిగా కిందికి వంగి ఉంటుంది. చలికాలమంతా బూడిద రంగులో ఎవరి కంటికీ ఆనదు, మార్చి ఏప్రిల్‌లో మెల్లగా ఇటుక రంగుకి తిరుగుతుంది. మేం చూసినవి సగం సగం మారి, గోడకి కొత్త రంగు వేస్తూ మధ్యలో ఆపేసినట్టున్నాయి. ఇప్పుడు తిండే తిండి, ఒంట్లో కొవ్వు పట్టించుకుని ఉత్తరాన సైబీరియా ఆర్కిటిక్ నేలల దాకా ఎగిరిపోయి అక్కడ గుడ్లు పెడతాయి. ఇంకా పూర్తిగా ఎదగని లేత పిట్టలు కొన్ని పోకుండా ఇక్కడే ఎండాకాలం గడిపేస్తాయట. మావాడు ఫోన్ జేబులో పెట్టి అరగంట వాటినే చూశాడు, అవి దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి ఆ వణుకు బాధ కూడా తక్కువ.

"ఆరింటికి వచ్చింటే రాజహంసలు కూడా తల కిందులు పెట్టి మేసేది బాగా చూసిండొచ్చు సార్" అన్నాడు ఆ కుర్రాడు. ఇంకేం చెప్తాం.

భోజనం బాగుంది, రొయ్యల వేపుడు కావాలంటే విడిగా చెప్పి తెప్పించుకోవాలి. బాత్రూం పని సూళ్లూరుపేటలోనే ముగించుకోండి, రోడ్డు మీద ఏమీ ఉండదు. టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. సూళ్లూరుపేటలో జరిగే పక్షుల పండగ, ఫ్లెమింగో ఫెస్టివల్ అయిపోతే సీజన్ అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు, రంగు మారే పిట్టల్ని చూడాలంటే మాత్రం ఈ నెలలే.

నా రేటింగ్ 5కి 2.5, అందులో రెండు గైడ్‌కే. మర్నాడు ట్రావెల్స్‌కి ఫోన్ చేసి, గుడి లేకుండా తెల్లవారుజామున మూడింటికి బయల్దేరే ట్రిప్ ఒకటి పెట్టండి, నేనే పది మందిని తెస్తానన్నాను. అవతలాయన చాలా మర్యాదగా, "దర్శనం లేకపోతే తిరుపతిలో బండి నిండదు సార్" అన్నాడు.